సూదితో డ్రగ్స్ తీసుకునేవాళ్ల మీద చిన్నచూపు ఎంతుందో కొలవాలంటే ఏ స్కేలు వాడాలి?

మీరు అడిగింది ఇదీ. హాస్పిటల్లో నర్సులు, డాక్టర్లు, రిజిస్ట్రేషన్ కౌంటర్లో కూర్చునేవాళ్లు, వార్డు స్టాఫ్ అందరూ కలిపి ఓ 120 మందికి ఒక రోజు ట్రైనింగ్ పెడుతున్నారు, ఇంజెక్షన్‌తో డ్రగ్స్ తీసుకునే పేషెంట్ల విషయంలో వాళ్ల ధోరణి మారిందా లేదా అని ముందూ తర్వాతా కొలవాలి, ఇంగ్లీషులో 20 ప్రశ్నల స్కేలు ఒకటి దొరికింది, దాని క్రాన్‌బాక్ ఆల్ఫా (ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత కలిసి కదులుతున్నాయో చెప్పే నంబర్) 0.91 అని పేపర్లో ఉంది, దాన్ని తెలుగు చేసుకుని వాడేస్తే చాలా అని.

చాలదండీ. పదిహేనేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను, మొదట్లో చాలాకాలం నేనూ సరిగ్గా మీరు అనుకున్నట్టే చేశాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా. ఏ స్కేలు అన్నది మూడో ప్రశ్న. ఎవరి దగ్గర కొలుస్తున్నాం అన్నది మొదటిది, చిన్నచూపులో ఏ ముక్కని కొలుస్తున్నాం అన్నది రెండోది. ఈ రెండూ తేల్చుకోకుండా స్కేలు పట్టుకుంటే నంబర్ అయితే వస్తుంది గానీ ఆ నంబర్ దేని గురించో చివరికి మీరే చెప్పలేరు.

నాకు ఇది తెలిసొచ్చిన సంగతి చెప్తా. ఒక చోట ఇలాంటి ట్రైనింగే అయ్యింది, స్కోర్లు బాగా పెరిగాయి, రిపోర్టు రాశాం, అందరూ సంతోషించారు. మూడు నెలల తర్వాత వేరే పని మీద అదే చోట పేషెంట్లతో మాట్లాడుతుంటే చేతి మీద గడ్డ చీము పట్టి డ్రెస్సింగ్‌కి వచ్చిన ఒకాయన చెప్పాడు, గాయం కడిగారట, ఆ తర్వాత గాజు గుడ్డ ప్యాకెట్టు చేతికివ్వకుండా ట్రే అంచున పెట్టి దూరం జరిగి "కట్టు నువ్వే కట్టుకో, సూదులు గుచ్చుకోవడం వచ్చిన చేతికి ఇదేం కష్టం" అన్నారట. ఆయన ఒంటిచేత్తో, పళ్లతో పట్టుకుని కట్టుకున్నాడు. ఆ వార్డులో మా ఫారం నింపినవాళ్లలో తక్కువ స్కోరు ఎవరికీ లేదు. "పేషెంట్లందరికీ సమానంగా సేవ చేయాలి" అన్న వాక్యం పక్కన అందరూ "పూర్తిగా నిజం" అనే టిక్ పెట్టారు, అబద్ధం చెప్పాలని కూడా పెట్టలేదు, వాళ్లు నిజంగా అలాగే అనుకుంటున్నారు, కాకపోతే ఆ వాక్యం చదివేటప్పుడు వాళ్ల కళ్ల ముందు ఈ పేషెంట్ లేడు.

ఇది ఇవాళ కొత్తగా కనిపెట్టిన సంగతేం కాదు. 1934లోనే లాపియర్ అనే సోషియాలజిస్టు దీన్ని అచ్చేశాడు. అమెరికాలో చైనా వాళ్ల మీద ద్వేషం బాగా ఉన్న రోజుల్లో ఒక చైనీస్ జంటతో కలిసి దేశమంతా తిరిగి 251 హోటళ్లకి, లాడ్జిలకి వెళ్తే ఒక్కచోట మాత్రమే కాదన్నారు, తర్వాత ఆ చోట్లకే ఉత్తరం రాసి "చైనా వాళ్లని రానిస్తారా" అని అడిగితే జవాబిచ్చినవాళ్లలో 90 శాతానికి పైగా రానివ్వం అన్నారు. మన కేసులో దిశ తిరగబడింది, కాగితం మీద మంచి, చేతల్లో చెడు, కానీ కాగితానికీ చేతకీ మధ్య ఉన్న దూరం మాత్రం అదే.

సరే, ముక్కల సంగతికి వద్దాం. 1963లో గాఫ్‌మన్ స్టిగ్మా మీద, అంటే ఈ చిన్నచూపు మీదే, రాసిన పుస్తకం ఈ రంగంలో అందరికీ తెలుసు, కానీ కొలిచే పనికి నాకు ఎక్కువ పనికొచ్చింది లింక్, ఫెలాన్ 2001లో రాసిన వ్యాసం. వాళ్లు చెప్పేదేంటంటే ముందు ఒక పేరు తగిలిస్తాం, ఆ పేరుకి చెడ్డ గుణాలు అంటగడతాం, "వాళ్లు వేరు మనం వేరు" అని గీత గీస్తాం, దాంతో ఆ మనిషి స్థాయి పడిపోతుంది, వివక్ష మొదలవుతుంది, ఇదంతా జరగాలంటే గీత గీసేవాడి చేతిలో అధికారం ఉండాలి. ఈ చివరిది చాలామంది వదిలేస్తారు. పేషెంట్‌కి కూడా నర్సు మీద చెడు అభిప్రాయం ఉండొచ్చు, కానీ నొప్పి మందు ఎప్పుడివ్వాలో తేల్చేది పేషెంట్ కాదు కదా.

దీన్ని కొలతలోకి దించేటప్పుడు ఎర్న్‌షా అనే పరిశోధకురాలి బృందం పద్ధతి సులువుగా ఉంటుంది. బయటివాళ్ల వైపు నుంచి చూస్తే మూడు, వాళ్ల గురించి ఏం నమ్ముతున్నాం, వాళ్లని చూస్తే ఏం అనిపిస్తుంది, వాళ్లతో ఏం చేస్తున్నాం. పడేవాళ్ల వైపు నుంచీ మూడే, ఇప్పటికే ఏం జరిగింది, ముందు ముందు ఏం జరుగుతుందని భయపడుతున్నారు, తమ గురించి తామే ఎంత తక్కువగా అనుకుంటున్నారు. ఆరూ ఆరు వేర్వేరు వస్తువులు. ట్రైనింగ్‌తో నమ్మకం మారొచ్చు, అనిపించేది మారకపోవచ్చు. నిజానికి ఒక్కరోజు ట్రైనింగ్‌లో ముందు మారేది "ఏం రాయాలో" అన్న తెలివి, అది ఈ ఆరింటిలో ఎందులోనూ లేదు, చూడండి.

ఇప్పుడు స్కేళ్లు. బొగార్డస్ 1925లో పెట్టిన సామాజిక దూరం స్కేలు ఇప్పటికీ బతికే ఉంది, పక్కింట్లో ఉంటే ఒప్పుకుంటారా, ఆఫీసులో పక్కన కూర్చుంటే, ఇంట్లో పెళ్లి సంబంధమైతే అని మెట్టుమెట్టుగా అడగడం, మామూలు జనానికి బాగా పనిచేస్తుంది. 2014లో అచ్చయిన అమెరికా సర్వేలో డ్రగ్ అడిక్షన్ ఉన్న మనిషితో కలిసి పనిచేయడానికి ఒప్పుకున్నవాళ్లు 22 శాతమే, అదే మానసిక జబ్బు ఉన్న మనిషి అంటే 62 శాతం, ఆ తేడా బయటపడింది ఇలాంటి ప్రశ్నలతోనే. కానీ హాస్పిటల్ స్టాఫ్‌కి ఇది సరిగ్గా అతకదు, వాళ్ల పనే ఆ మనిషి దగ్గరికి వెళ్లడం కాబట్టి దూరం అనేది అక్కడ వేరే రూపాల్లో ఉంటుంది. కోరిగన్ అట్రిబ్యూషన్ ప్రశ్నావళి ఉంది, ఆ స్థితికి బాధ్యత ఎవరిదనుకుంటున్నారో, దాన్నిబట్టి ఏం అనిపిస్తుందో అడిగేది, 27 ప్రశ్నలు, 9 భాగాలు, బాధ్యత, కోపం, భయం, జాలి, బలవంతపు వైద్యం ఇలా. దాన్ని వాడితే భాగాల్ని విడివిడిగా చూడండి, మొత్తం కూడి ఒక స్కోరు చేయొద్దు, ముఖ్యంగా జాలిని. జాలి ఎక్కువుంటే మంచిదే అనుకుంటాం గానీ "పాపం" అంటూనే ఆ మనిషి మాట వినకుండా నిర్ణయాలు తీసుకునేవాళ్లని ఎంతమందిని చూశానో లెక్కలేదు. బ్రెనర్, వాన్ హిప్పెల్ 2008లో సరిగ్గా ఇంజెక్షన్‌తో డ్రగ్స్ తీసుకునేవాళ్ల గురించే ఒక స్కేలు చేశారు, ఆస్ట్రేలియాలో, అది చిన్నది, చూడదగ్గది.

మీ పనికి మాత్రం నేను వేరేది చెప్తా. మెడికల్ కండిషన్ రిగార్డ్ స్కేలు అని, ఒక జబ్బున్న పేషెంట్లని స్టాఫ్ ఎలా చూస్తారో కొలిచేది, 2002లో వచ్చింది, 11 ప్రశ్నలు, దాని గొప్పతనం ఏంటంటే జబ్బు పేరు మార్చి అవే ప్రశ్నలు అడగొచ్చు. అదే నర్సుని ఒకసారి షుగర్ పేషెంట్ల గురించి, ఇంకోసారి సూదితో డ్రగ్స్ తీసుకునే పేషెంట్ల గురించి అడగండి, రెండింటి తేడా తీసుకోండి. అందరి గురించీ మంచిగా రాసే అలవాటున్న మనిషికి రెండుచోట్లా మంచి స్కోరే వస్తుంది, తేడా తీసేసరికి ఆ మంచితనం చాలావరకు కొట్టుకుపోయి అసలుది మిగులుతుంది. ఎవరిని ముందు అడిగారన్నది కూడా జవాబుల్ని మారుస్తుంది, కాబట్టి సగం మందికి వరస తిప్పి ఇవ్వడం మర్చిపోకండి.

ఇంకొకటి, భయాన్నీ చులకననీ కలిపేయొద్దు. డ్రగ్స్ వాడేవాళ్లందరి మీదా చిన్నచూపు ఉంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ 14 దేశాల్లో 18 రకాల పరిస్థితుల మీద చేసిన స్టడీలో అన్నిటికన్నా ఎక్కువ వెలి పడింది డ్రగ్ అడిక్షన్ మీదే, కానీ ఇంజెక్షన్ అనేసరికి దాని మీద ఇంకో పొర పడుతుంది, హెచ్ఐవి, హెపటైటిస్ సి, సూది గుచ్చుకుంటుందేమోనన్న బెంగ, ఆడమనిషైతే మరో పొర. సూది గుచ్చుకుంటుందన్న భయం నిజమైన భయమే. హెచ్ఐవి ఉన్న రక్తం అంటిన సూది గుచ్చుకుంటే అంటుకునే అవకాశం సుమారు 0.3 శాతం అనీ, వెంటనే మందులు మొదలుపెడితే అది ఇంకా చాలా తగ్గుతుందనీ చెప్తే ఈ భయం తగ్గుతుంది, సూదులు పారేసే డబ్బా మంచం పక్కనే పెడితే ఇంకా తగ్గుతుంది. చులకన అలా తగ్గదు. "రెండు జతల గ్లౌజులు వేసుకుంటాను" అన్న ప్రశ్నా "వీళ్ల మీద టైమ్ పెట్టడం దండగ" అన్న ప్రశ్నా ఒకే స్కోరులో కలిస్తే మీ ట్రైనింగ్ భయాన్ని తగ్గించిందా చులకననా అన్నది ఎప్పటికీ తేలదు.

ఇక తెలుగు చేయడం. దీని గురించి కాస్త ఎక్కువే రాస్తా, ఎందుకంటే అందరూ బోల్తా పడేది ఇక్కడే, ఇద్దరు అనువాదం చేసి ఇంకొకరు తిరిగి ఇంగ్లీషు చేస్తే అయిపోయిందనుకుంటారు. తిరుగు అనువాదం అర్థాన్ని పట్టుకుంటుంది గానీ రుచిని పట్టుకోలేదు. ఇంగ్లీషులో డ్రగ్స్ ఇంజెక్ట్ చేసుకునే మనుషులు అని, మనిషి అన్న మాట ముందు పెట్టి, ఎంతో ఆలోచించి ఎంచుకున్న మాట అది. దాన్ని మనవాళ్లు "మత్తుమందులకు బానిసలు" అని రాసేస్తారు. బానిస అనే మాటలోనే ఆ మనిషికి ఇష్టాయిష్టాలు లేవని తీర్పు ఇచ్చేశాం, ఇంక కింద ఏ ప్రశ్న అడిగితే ఏం లాభం. "వ్యసనపరులు" అందామా అంటే సప్తవ్యసనాల దగ్గర్నుంచీ వ్యసనం అంటే మనకి చెడు నడత, జబ్బు కాదు. "కళంకం" అనే మాట ఇంకా చిత్రం, ఒక ప్రశ్నలో "వీరి పట్ల సమాజంలో కళంకం ఉంది" అని రాస్తే చదివినవాళ్లలో చాలామంది ఈ మనుషులకి ఏదో మచ్చ ఉందంటున్నారు అని అర్థం చేసుకున్నారు, అవునని టిక్ పెట్టారు, చిన్నచూపు చూసేవాడి తప్పు కాస్తా పడేవాడి మచ్చ అయి కూర్చుంది. చిన్నచూపు, చులకన, వెలేసినట్టు చూడడం, ఈ మాటలు వాడండి.

"మందు" ఇంకో గోల. మందు అంటే ఔషధం, మందు అంటే సారా, మత్తుమందు అంటే ఆపరేషన్ ముందు ఇచ్చేది కూడా. ఒక ట్రయల్‌లో "సూది ద్వారా మందులు తీసుకునేవారు" అని రాశాం, బాగా సీనియర్ నర్సు ఒకావిడ ఫారం అంతా నింపి చివర్లో నన్ను పిలిచి "ఇన్సులిన్ వేసుకునేవాళ్ల మీద ఇలాంటి ప్రశ్నలు ఎందుకండీ, పాపం వాళ్లేం చేశారు" అని అడిగింది. ఆవిడ స్కోరు మా అందరికన్నా గొప్పగా ఉంది! ఆ రోజు నుంచి "ఇంజెక్షన్‌తో డ్రగ్స్ తీసుకునేవాళ్లు" అనే రాస్తున్నా, డ్రగ్స్ అన్న మాట జనంలో స్పష్టంగా ఉంది, దాన్ని తెలుగు చేయాలని పట్టుబట్టకండి.

అసలు కష్టం సర్వనామాల దగ్గర. కథలాగా ఒక పేషెంట్ గురించి నాలుగు లైన్లు రాసి ప్రశ్నలు అడిగే పద్ధతి ఉంది కదా, ఇంగ్లీషులో "హి" అని ఒక్క మాటతో పోతుంది, తెలుగులో వాడు, అతను, ఆయన, ఈ మూడింటిలో ఒకటి మీరు ఎంచుకోక తప్పదు, ఎంచుకున్న క్షణంలోనే ఆ పేషెంట్‌ని ఎక్కడ కూర్చోబెట్టాలో చదివేవాళ్లకి చెప్పేశారు. ఆడమనిషి అయితే అది, ఆమె, ఆవిడ. క్రియ కూడా వెంటే మారుతుంది, వచ్చాడు, వచ్చారు. ఒక మాట ఎంత పని చేస్తుందో కెల్లీ, వెస్టర్‌హాఫ్ 2010లో చూపించారు, 500 మందికి పైగా మానసిక వైద్య రంగంలో పనిచేసేవాళ్లకి ఒకే కథ ఇచ్చి, సగం మందికి ఆ మనిషిని "సబ్‌స్టన్స్ అబ్యూజర్" (మత్తు పదార్థాల్ని దుర్వినియోగం చేసేవాడు) అనీ మిగతా సగానికి "సబ్‌స్టన్స్ యూజ్ డిజార్డర్ ఉన్న మనిషి" (మత్తు పదార్థాల వాడకం జబ్బుగా ఉన్న మనిషి) అనీ రాశారు, అబ్యూజర్ అని చదివినవాళ్లే తప్పు అతనిదే అనీ శిక్షలాంటిది ఉండాలనీ ఎక్కువ ఒప్పుకున్నారు, వాళ్లంతా చదువుకున్న నిపుణులు, గుర్తుంచుకోండి. మన భాషలో ఆ పేరులో ఒక్క అక్షరం మార్చకుండానే ఆ పని సర్వనామం చేసేస్తుంది. కథలో అందరికీ "అతను" వాడండి, లేదా "ఈ పేషెంట్" అని ప్రతిసారీ రాయండి, కాస్త ఎబ్బెట్టుగా ఉన్నా పర్లేదు.

ఇందులోనే ఒక మేలూ ఉంది. స్టాఫ్‌తో ఊరికే మాట్లాడించండి, "మొన్న అలాంటి పేషెంట్ వచ్చినప్పుడు ఏం జరిగిందో చెప్పండి" అనండి, చెప్పనివ్వండి, రికార్డు చేయడానికి ముందే అనుమతి తీసుకోండి. షుగర్ పేషెంట్ గురించి చెప్పేటప్పుడు "ఆయన వచ్చారు, ఆయనకి" అన్న మనిషే ఈ పేషెంట్ దగ్గరికి వచ్చేసరికి "వాడొచ్చాడు, వాడికి" అంటారు, అది తమకే తెలీదు. ఎన్నిసార్లు వాడు, ఎన్నిసార్లు అతను, ఎన్నిసార్లు ఆయన, ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టి ఒకరి లెక్కతో ఒకరిది సరిపోతుందో లేదో చూడండి. ఒక హెచ్చరిక ఏంటంటే కొందరి ఇంటి మాటలో "వాడు" అనేది ప్రేమగా, చనువుగా కూడా వస్తుంది, అందుకే ఒకే మనిషి రెండు రకాల పేషెంట్ల గురించి వాడిన మాటల తేడా చూడాలి, విడిగా ఒక మాట పట్టుకుని తీర్పు చెప్పకూడదు. "చేసుకున్నవాళ్లకి చేసుకున్నంత" అనే మాట ఎన్నిసార్లు వచ్చిందో కూడా రాసుకోండి. వీనర్ వాళ్లు 1988లో చెప్పింది అదే, తెచ్చిపెట్టుకున్న కష్టం అనుకుంటే కోపం వస్తుంది, తన చేతిలో లేని కష్టం అనుకుంటే జాలి, సాయం వస్తాయి, బాధ్యత గురించి ఇంగ్లీషు నుంచి అనువాదం చేసిన మూడు వాక్యాలకన్నా ఈ ఒక్క సామెతకి ఎంత ఒప్పుకుంటారు అని అడిగితే జవాబు తడుముకోకుండా వస్తుంది, నేను అడిగి చూశాను.

జవాబుల గడులు కూడా చూసుకోండి. "ఏకీభవించను" అన్న మాట దగ్గర ఆగిపోయేవాళ్లని చూశాను, దానికితోడు ప్రశ్నలో "నాకు అసౌకర్యం ఉండదు" అని ఉంటే ఉండదుకి కాదనడమంటే ఏంటో ఆలోచించి తలనొప్పి వచ్చి మధ్య గడిలో టిక్ పెట్టేస్తారు. తిరగేసిన ప్రశ్నలు, అంటే మిగతావాటికి ఎదురు అర్థం వచ్చేవి, కొన్ని ఉండాలని పుస్తకాలు చెప్తాయి, ఉంచండి, కానీ "లేదు, కాదు" లతో తిరగేయకండి, అర్థంతో తిరగేయండి.

ఆల్ఫా సంగతి త్వరగా చెప్పేస్తా. 0.91 చూసి మురిసిపోవద్దు, 20 ప్రశ్నలున్నప్పుడు ఒక్కో ప్రశ్నల జంట మధ్య సగటు సంబంధం 0.33 దగ్గర ఉన్నా ఆల్ఫా 0.91 దాకా వస్తుంది, అదే సంబంధంతో 5 ప్రశ్నలుంటే 0.71. ప్రశ్నలు ఒకదానితో ఒకటి కలిసి కదులుతున్నాయని మాత్రమే అది చెప్తుంది, అవన్నీ కలిసి చిన్నచూపునే కొలుస్తున్నాయో మంచి పేరు కోసం తాపత్రయాన్ని కొలుస్తున్నాయో చెప్పదు. పైగా అది వాళ్ల భాషలో, వాళ్ల స్టాఫ్ మీద వచ్చిన నంబర్.

మనసులో దాచుకున్నది తెలుసుకోవడానికి ఐఏటి (ఇంప్లిసిట్ అసోసియేషన్ టెస్ట్) వాడొచ్చు కదా అని అడుగుతారు, ఎప్పుడూ ఎవరో ఒకరు అడుగుతారు. కంప్యూటర్ మీద మాటల్ని ఎంత వేగంగా జతచేస్తారో చూసే పరీక్ష, 1998లో వచ్చింది. మన విషయంలో మంచి స్టడీ ఒకటుంది, 2008లో, డ్రగ్ అండ్ ఆల్కహాల్ నర్సుల మీద, ఆ పేషెంట్లతో పని ఒత్తిడి ఎక్కువ అన్న నర్సుల్లో లోపలి వ్యతిరేకత ఎక్కువ కనిపించింది, ఉద్యోగం మారాలనే ఆలోచన దాంతో ముడిపడి ఉంది. నాకు అందులో ముఖ్యంగా అనిపించింది ఒత్తిడి, సరిపడా స్టాఫ్ లేని వార్డులో చులకన పెరిగితే దానికి ట్రైనింగ్ మందు కాదు కదా. కానీ ఐఏటి స్కోరు అదే మనిషికి ఇవాళ ఒకలా వారం తర్వాత ఇంకోలా రావడం మామూలే, గుంపు మొత్తం మీద చూడ్డానికి పర్లేదు, ఎవరి స్కోరు వాళ్లకిచ్చి "నీలో ఇంత వివక్ష ఉంది" అనడానికి అది పనికిరాదు. మంచిగా కనపడాలనే తాపత్రయాన్ని కొలిచే మార్లో-క్రౌన్ స్కేలు, 33 ప్రశ్నలది, దాన్ని తగిలిస్తే ఫారం చాంతాడంత అవుతుంది, నేనైతే వదిలేస్తా. పేరు లేకుండా, సూపర్‌వైజర్ లేనప్పుడు, పెట్టెలో వేసేలా ఫారం ఇస్తే అంతకన్నా ఎక్కువ మేలు. ముందు ఫారాన్నీ తర్వాత ఫారాన్నీ జత చేయడానికి వాళ్లకి మాత్రమే తెలిసిన కోడ్ రాయించుకోండి, జత చేయకపోతే ఎవరు మారారో తెలీదు, ఎవరు రాలేదో కూడా తెలీదు.

ఇప్పుడు నేను నిజంగా చేయమనేది. స్టాఫ్ ఏం రాశారన్నది సగమే, మిగతా సగం పేషెంట్లకి ఏం జరిగిందన్నది, దాన్ని రెండు దారుల్లో పట్టుకోవచ్చు. ఒకటి రికార్డులు. నొప్పితో వచ్చిన మనిషికి రిజిస్ట్రేషన్ నుంచి మొదటి నొప్పి మందు దాకా ఎన్ని నిమిషాలు పట్టింది, ఇలాంటి పేషెంట్‌కి ఎంత, మిగతావాళ్లకి ఎంత, ట్రీట్‌మెంట్ పూర్తికాకుండా లామా కింద, అంటే డాక్టర్ వద్దన్నా వినకుండా, వెళ్లిపోయినవాళ్లు ఎందరు, కేస్ షీట్‌లో "డ్రగ్ సీకింగ్" (డ్రగ్స్ కోసమే వచ్చాడు), "నాన్ కంప్లయంట్" (చెప్పిన మాట వినడు) లాంటి మాటలు ఎన్ని. ఆ మాటలు ఉత్త మాటలు కావు, 2018లో సికిల్ సెల్ అనే రక్తపు జబ్బున్న పేషెంట్ కేసు షీట్‌ని రెండు రకాలుగా రాసి మెడికల్ స్టూడెంట్లకి, రెసిడెంట్లకి చదివిస్తే చులకనగా రాసింది చదివినవాళ్లు నొప్పికి తక్కువ వైద్యం రాశారు, జబ్బు అదే, నొప్పి అదే. లామా సంఖ్య చిన్నగా ఉంటుంది కాబట్టి ఒక నెల పైకి ఒక నెల కిందకి ఊగుతుంది, ట్రైనింగ్‌కి కనీసం ఆరు నెలలు ముందూ ఆరు నెలలు తర్వాతా తీసుకోండి.

రెండోది పేషెంట్లనే అడగడం. 2016లో వచ్చిన సబ్‌స్టన్స్ యూజ్ స్టిగ్మా మెకానిజమ్స్ స్కేలు 18 ప్రశ్నలది, జరిగింది, జరుగుతుందని భయపడేది, లోపల తనని తాను తక్కువ చేసుకునేది మూడూ అందులో ఉన్నాయి, ఇంకా బాగున్నదేంటంటే ఇంట్లోవాళ్ల నుంచి ఎంత, హెల్త్ స్టాఫ్ నుంచి ఎంత అని విడదీస్తుంది. మీ ట్రైనింగ్ హెల్త్ స్టాఫ్‌కి కాబట్టి ఆ భాగం కదలాలి, ఇంటి భాగం కదలకపోవచ్చు, రెండూ ఒకేలా కదిలితే కారణం ఇంకేదో ఉందని అనుమానించండి. హాస్పిటల్‌కి వచ్చినవాళ్లనే అడిగితే అవమానం భరించలేక రావడం మానేసినవాళ్లు లెక్కలోకే రారు, అది మరిచిపోవద్దు. ప్రపంచంలో సూదితో డ్రగ్స్ తీసుకునేవాళ్లు 2021లో 1.32 కోట్ల మంది అని ఐక్యరాజ్యసమితి డ్రగ్ రిపోర్టు అంచనా, అందులో వైద్యం గుమ్మం తొక్కని వాళ్లని పట్టుకోవడానికే హెకాథార్న్ 1997లో ఒకరి ద్వారా ఒకరిని కూపన్లతో రప్పించే పద్ధతి పెట్టాడు, అది మొదట పుట్టిందే సూదితో డ్రగ్స్ తీసుకునేవాళ్ల దగ్గర. మీకు అంత పెద్ద పని అక్కర్లేదు, ఔట్‌రీచ్‌లో పనిచేసే పీర్ వర్కర్లని, అంటే ఆ జీవితం తామూ తెలిసి ఇప్పుడు జనం మధ్యకి వెళ్లి సాయం చేసేవాళ్లని, ప్రశ్నలు అడగనివ్వండి, చాలు. హెచ్ఐవితో బతికేవాళ్ల స్టిగ్మా ఇండెక్స్ 2008 నుంచీ అలాగే నడుస్తోంది, అడిగేవాళ్లూ చెప్పేవాళ్లూ ఇద్దరూ ఆ జీవితం తెలిసినవాళ్లే. తెల్లకోటు వేసుకున్న మనిషి అడిగితే "అందరూ బాగానే చూస్తారు సార్" అంటారు, రేపు మళ్లీ ఆ కౌంటర్ దగ్గరికే కదా రావాలి.

డిజైన్ గురించి ఒక్క మాట. ట్రైనింగ్ అయిన సాయంత్రం కొలిచిన స్కోరుని ఫలితం అని రాయకండి, మూడు నెలలకి ఒకసారి, ఆరు నెలలకి ఒకసారి మళ్లీ కొలవండి. 120 మందినీ రెండు బ్యాచులు చేసి చీటీలు తీసి రెండో బ్యాచ్‌కి నాలుగు నెలల తర్వాత ట్రైనింగ్ పెడితే మీకు పోల్చి చూసుకోవడానికి ఉచితంగా ఒక గుంపు దొరుకుతుంది, ఎవరికీ ట్రైనింగ్ ఎగ్గొట్టినట్టు కాదు. ట్రైనింగ్‌లో ఏం పెట్టాలన్నది మీరు అడగలేదు గానీ, వైద్యం తీసుకుని కోలుకున్న మనిషి కథ చదివినవాళ్లలో దూరం, వివక్ష తగ్గినట్టు 2015లో అమెరికాలో చేసిన ప్రయోగంలో కనిపించింది, స్లైడ్లు తగ్గించి అలాంటి మనిషిని తనకి ఇష్టమైతేనే, తగిన డబ్బిచ్చి పిలవండి.

ఫారం స్టాఫ్‌కి ఇచ్చేముందు ఇంకొక పని ఉంది, నేను ఆలస్యంగా నేర్చుకున్నది. ఒకసారి పీర్ వర్కర్లతో కూర్చుని మా ప్రశ్నలు చదివి వినిపించాం, "వీళ్లకి వైద్యం చేయడం ప్రజల డబ్బు వృథా" అన్న వాక్యం దగ్గరికి వచ్చేసరికి అప్పటిదాకా గలగలా మాట్లాడుతున్న ఒకావిడ నోరు మెదపడం మానేసింది, కాసేపయ్యాక "ఇది 120 మందికి కాగితం మీద అచ్చేసి ఇస్తారా, ఇప్పటిదాకా అలా అనుకోనివాడికి కూడా ఇలా అనుకోవచ్చని మీరే చెప్పినట్టు అవ్వదా" అని అడిగింది. మా దగ్గర సమాధానం లేదు. ఆ ప్రశ్న తీసేసి "నైట్ డ్యూటీలో ఇలాంటి పేషెంట్ బెల్లు కొడితే మిగతావాళ్ల బెల్లుకి వెళ్లినంత త్వరగా మీ వార్డులో వెళ్తారా" అని ఆవిడే చెప్పిన ప్రశ్న పెట్టాం, జవాబుల్లో మనిషికీ మనిషికీ బాగా తేడా కనిపించింది దాంట్లోనే.

కాబట్టి ఆ 20 ప్రశ్నల్ని అనువాదానికి పంపకండి ఇంకా. ముందు ఆ అనుభవం ఉన్న ఐదారుగురిని పిలవండి, వాళ్ల టైముకి డబ్బివ్వండి, ఒక్కో ప్రశ్న మెల్లగా చదివి వినిపించండి, ఎక్కడ మొహం మారిందో, ఎక్కడ "ఇది కాదు, మాకు జరిగేది ఇంకోటి" అన్నారో రాసుకోండి, ఆ తర్వాత ఓ పదిమంది నర్సులతో అదే పని చేయండి, చదివి ఏం అర్థమైందో వాళ్ల మాటల్లో చెప్పమనండి. ఆ నోట్సు ఉంటే ఏ ప్రశ్నలు ఉంచాలో, ఏవి తీయాలో కలిసి కూర్చుని చూద్దాం.